స్టెంటు వేశారు, బ్లాక్ పోయింది, అయినా ఆయాసం తగ్గలేదు. గుండె ఎమ్మారై తీయించాలా?

కృష్ణాతీరం
మా బావకి 52 ఏళ్లు, షుగర్ ఉంది. పోయిన నెల తెల్లవారుజామున ఛాతీ పట్టేసినట్టయింది. గ్యాసేమో అని సోడా తాగి, మాత్ర వేసుకుని పడుకున్నాడు. చెమటలు ఆగకపోయేసరికి అక్క గోల చేసి కారెక్కించింది. ఊళ్లోంచి విజయవాడ చేరి స్టెంటు పడేసరికి మధ్యాహ్నమైంది. గుండె ముందువైపు పెద్ద నాళం, ఎల్ఏడీ అంటారట, అందులో పూర్తి బ్లాక్. తీసేశారు. తెర మీద మాకు చూపించారు కూడా, రక్తం జోరుగా పారుతోంది. "టిమీ 3 ఫ్లో, ఫస్ట్ క్లాస్" అన్నారు.

ఇంటికొచ్చాక చూస్తే మేడ మెట్లు ఎక్కలేకపోతున్నాడు. ఎకోలో పంపింగ్ 38 శాతం. డిశ్చార్జ్ కాగితంలో టిమీ 3 పక్కనే "బ్లష్ గ్రేడ్ 1" అని ఉంది, దాని సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకో డాక్టర్‌కి చూపిస్తే "పెద్ద నాళం తెరుచుకుంది గానీ చిన్న నాళాల్లో రక్తం సరిగా ఆడలేదేమో, కార్డియాక్ ఎమ్మారై చేయిద్దాం" అన్నారు. బ్లాక్ తీసేశాక ఇంకా రక్తం ఆడకపోవడం ఏంటి? ఆ స్కాన్ అవసరమా, డబ్బులు గుంజడమా? అక్కకి టెన్షన్‌తో నిద్ర లేదు.

పల్నాటి_మిర్చి
గుంజడమే. స్టెంటు వేశాక ఒక స్కాను, ఆ స్కాను చూసి ఇంకో స్కాను. మా బాబాయికి స్టెంటు పడి చాలా ఏళ్లయింది, ఎమ్మారై మొహం చూడలేదు. ఇప్పటికీ పొద్దున్నే పొలం వెళ్తాడు.

అత్తగారి_పెత్తనం
మిర్చి గారి బాబాయి మళ్లీ వచ్చారు. మోకాళ్ల నొప్పుల చర్చలో ఆయనే, కంటి శుక్లాల చర్చలో ఆయనే.

కాథ్‌ల్యాబ్_నైట్‌డ్యూటీ
నేను డాక్టర్ని కాదు, కాథ్‌ల్యాబ్‌లో, అంటే యాంజియో తీసి స్టెంట్లు వేసే గదిలో, టెక్నీషియన్‌ని. రోజూ చూసే విషయం కాబట్టి రాస్తున్నా.

యాంజియోగ్రామ్‌లో మనకి కనిపించేది పెద్ద నాళాలే. సుమారు అర మిల్లీమీటరు కంటే సన్నవి విడిగా కనపడవు. గుండె కండరానికి రక్తం అందించేది ఆ కనపడని సన్న నాళాలు, వాటి తర్వాత కేశనాళికలు. మీది కృష్ణా డెల్టా కాబట్టి ఇలా చెప్తా: బ్యారేజీ గేట్లెత్తితే మెయిన్ కాలువ నిండుగానే పారుతుంది, పిల్లకాలువలు పూడిపోయి ఉంటే చివరి ఆయకట్టుకి నీరందదు. టిమీ అంటే పెద్ద నాళంలో పారుదలకి వేసే 0 నుంచి 3 దాకా గ్రేడు, మెయిన్ కాలువ సంగతి. బ్లష్ చివరి పొలం సంగతి.

బ్లష్ ఎలా చూస్తామంటే, డై కొట్టాక కెమెరా వెంటనే ఆపకుండా ఇంకొన్ని సెకన్లు నడిపిస్తాం. డై నాళంలోంచి దిగిపోయాక ఆ కండరం ఉన్న చోటు కాసేపు మసగ్గా నల్లబడి, మళ్లీ తేటపడాలి. బాగా నల్లబడి మామూలుగా తేటపడితే 3. అసలు మసకే రాకపోతే 0, లీలగా వస్తే 1. మసక వచ్చి, కదలకుండా అక్కడే నిలిచిపోయినా 0 కిందే లెక్క, అంటే డై సన్న నాళాల్లోంచి బయటికి కారి కండరంలో ఉండిపోయిందని. మీ బావగారిది 1 అంటే చివరి పొలానికి నీళ్లు సరిగా చేరలేదనే అనుమానం.

ఈ పద్ధతిని 1998లో నెదర్లాండ్స్‌లోని జ్వోలె డాక్టర్లు ప్రచురించారు. టిమీ బాగున్నవాళ్లలో కూడా బ్లష్ తక్కువుంటే తర్వాత ఇబ్బందులు ఎక్కువని అప్పుడే గమనించారు. కాకపోతే ఇది కంటితో వేసే అంచనా. ఒకే సినిమా చూసి ఇద్దరు డాక్టర్లు 1 అనీ 2 అనీ వాదించుకోవడం నేను విన్నా. కెమెరా ముందే ఆపేస్తే అసలు గ్రేడే ఇవ్వలేం. మీ కాగితంలో రాశారంటే ఆ డాక్టరు శ్రద్ధ ఉన్న మనిషే.

కృష్ణాతీరం
పిల్లకాలువల మాట బావకి చెప్పా, వెంటనే అర్థమైంది. "మరి పూడిక తీసేవాళ్లు లేరా" అని అడుగుతున్నాడు.

గ్లాస్గో_గోంగూర
బావగారు అసలు ప్రశ్న అడిగారు. పూడిక తీయడానికి ప్రపంచమంతా ప్రయత్నించింది, పెద్దగా కుదరలేదు.

నేను ఇక్కడ గుండె వార్డులో నర్సుని. గ్లాస్గో యూనివర్సిటీ వాళ్లు నడిపిన టీ-టైమ్ అనే ట్రయల్ ఉంది, ఫలితాలు 2019లో వచ్చాయి. స్టెంటు వేసేటప్పుడే గడ్డ కరిగించే మందు ఆల్టెప్లేస్‌ని తక్కువ మోతాదులో నేరుగా గుండె నాళంలోకి ఇచ్చి చూశారు. బ్రిటన్‌లోని 11 ఆస్పత్రులు, 440 మంది పేషెంట్లు. 2 నుంచి 7 రోజుల్లోపు ఎమ్మారై తీసి చిన్న నాళాలు ఎంతమేర మూసుకుపోయాయో కొలిచారు. మందు ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ తేడా లేదు.

అంతకు ముందు, రక్తపు గడ్డని పైపుతో లాగేస్తే ముక్కలు కిందికి పోవు కదా అనుకున్నారు. 2008లో తాపాస్ అనే డచ్ ట్రయల్ చూసి అందరూ ఎగబడ్డారు. తర్వాత 7 వేల మందితో టేస్ట్, 10 వేల పైచిలుకు మందితో టోటల్ వచ్చాయి. అందరికీ లాగడం వల్ల ప్రాణాలేం అదనంగా నిలబడలేదు, పైగా టోటల్‌లో పక్షవాతం కేసులు పెరిగాయి. ఇప్పుడు గడ్డ మరీ పెద్దదైతేనే లాగుతున్నారు.

పల్నాటి_మిర్చి
నేను చెప్పింది ఇదే. పూడిక తీసే మందే లేనప్పుడు, పూడింది అని తెలుసుకోవడానికి వేలకు వేలు ఎందుకు?

రెసిడెంట్_నిద్రలేమి
మిర్చి గారి ప్రశ్నని కొట్టిపారేయలేం. మా సార్లు కూడా దీని మీదే రెండు జట్లు. కానీ "మందు లేదు" అంటే "చేసేదేమీ లేదు" అని కాదు. అది చివర్లో చెప్తా. ముందు ఇది ఎందుకు జరుగుతుందో.

రక్తం ఆగిన కొద్దీ కండరమే కాదు, దానిలోని సన్న నాళాల లోపలి పొర కూడా వాస్తుంది. చుట్టూ ఉన్న కండరం ఉబ్బి బయటినుంచి నొక్కుతుంది. పైనుంచి గడ్డ ముక్కలు వచ్చి పడతాయి, తెల్ల రక్తకణాలు ఇరుక్కుంటాయి. మరీ దెబ్బతింటే నాళం చిట్లి లోపలే రక్తస్రావం అవుతుంది, అది అన్నిటికన్నా చెడ్డది. 1974లో క్లోనర్ బృందం కుక్కల మీద చేసిన ప్రయోగం ఇప్పటికీ మాకు పాఠం: నాళాన్ని 40 నిమిషాలు కట్టి వదిలితే రక్తం దాదాపు అంతటా తిరిగి పారింది, 90 నిమిషాలు కట్టి వదిలితే పెద్ద నాళం తెరిచినా లోపలి కండరంలో కొంతమేర పారనే లేదు. నో-రిఫ్లో అంటే ఇదే. తెల్లవారుజామున నొప్పి మొదలై మధ్యాహ్నానికి తెరిస్తే, పైగా షుగర్ ఉంటే, ఇలా జరగడంలో వింతేమీ లేదు. స్టెంటు వేసినవాళ్ల పొరపాటు అని కూడా అనుకోవద్దు. పెద్ద అటాక్ వచ్చి స్టెంటు పడ్డవాళ్లకి ఎమ్మారై తీస్తే సగం మంది దాకా ఎంతో కొంత కనపడుతుంది.

కరీంనగర్_నరసన్న
మా నాయనకు ఏరియా ఆస్పత్రిలోనే గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చిండ్రు, టెనెక్టెప్లేస్, పైసా తీసుకోలేదు. ఇచ్చిన గంటన్నరకు మళ్లీ ఈసీజీ తీసి, మొదటి కాగితం పక్కన పెట్టి స్కేలుతో కొలిచిండు డ్యూటీ డాక్టరు. నాకర్థం కాక అడిగితే చూపించిండు: మొదటి దాంట్లో గీత నాలుగు చిన్న గళ్లు పైకి లేచింది, రెండో దాంట్లో ఒక్క గడే. "75 శాతం దిగింది, మంచిదే, రేపు పొద్దున యాంజియోకి పంపుతా" అన్నడు. ఎమ్మారైలు లేవు, ఏం లేవు. అది కూడా చిన్న నాళాల పరీక్షేనా?

రెసిడెంట్_నిద్రలేమి
అవును నరసన్న గారూ, అన్నిటికన్నా చవకైనది అదే. గీత ఎక్కువ లేచిన చోట చూస్తాం. 70 శాతం పైన దిగితే కండరానికి రక్తం అందుతున్నట్టే. ఇంజెక్షన్ ఇచ్చాక 60 నుంచి 90 నిమిషాల్లో 50 శాతం కూడా దిగకపోతే మందు పని చేయలేదని లెక్క, ఆలస్యం చేయకుండా స్టెంటుకి పంపాలి. స్టెంటు వేశాక పెద్ద నాళం నిండుగా పారుతున్నా గీత దిగకపోతే చిన్న నాళాల మీద అనుమానం. మీ డాక్టరు స్కేలు పెట్టి కొలిచాడంటే ఆయనకో దండం.

కృష్ణాతీరం గారూ, మీ ఫైల్లో స్టెంటుకి ముందు, తర్వాత తీసిన ఈసీజీలు ఉంటాయి. అవి పారేయొద్దు.

కృష్ణాతీరం
ఉన్నాయి. ఇప్పుడే తీసి చూశా. స్టెంటు తర్వాత కాగితంలో గీత దిగింది గానీ సగం కూడా దిగినట్టు లేదు, నా కంటికైతే. రేపు డాక్టర్‌కి చూపిస్తా.

ఒంగోలు_గిత్త
చిన్న నాళాల్లో అడ్డంకిని కొలిచే ఐఎంఆర్ అని ఒకటి ఉందట కదా? వాట్సాప్‌లో వచ్చింది. నంబర్ ఇస్తుందట, కంటి అంచనా అక్కర్లేదట.

కాథ్‌ల్యాబ్_నైట్‌డ్యూటీ
ఉంది. వాట్సాప్‌లో వచ్చినా నిజమే, అరుదైన సంఘటన.

అమెరికాలో ఫియరన్ అనే డాక్టరు బృందం 2003లో తెచ్చిన కొలత. తల వెంట్రుకలా కనిపించే సన్నటి వైరు, దాని కొన దగ్గర ప్రెషర్‌నీ ఉష్ణోగ్రతనీ పట్టే సెన్సర్. దాన్ని స్టెంటు దాటించి నాళం కింది భాగానికి పంపుతాం. అడెనొసిన్ డ్రిప్ పెట్టి చిన్న నాళాలు పూర్తిగా తెరుచుకునేలా చేస్తాం. ఆ రెండు మూడు నిమిషాలు పేషెంటుకి ఛాతీ బరువుగా, ఊపిరి ఆడనట్టు ఉంటుంది. ముందే చెప్పకపోతే మళ్లీ అటాక్ వచ్చిందని హడలిపోతారు. అప్పుడు గది ఉష్ణోగ్రతలో ఉన్న సెలైన్ 3 మిల్లీలీటర్లు గబుక్కున కొడతాం, అలా మూడుసార్లు. రక్తం కంటే చల్లగా ఉండే ఆ సెలైన్ ఎన్ని సెకన్లలో సెన్సర్ దగ్గరికి చేరిందో యంత్రం లెక్కపెట్టి సగటు తీస్తుంది. ఆ సమయాన్ని అక్కడి ప్రెషర్‌తో గుణిస్తే ఐఎంఆర్.

ప్రెషర్ 60, సమయం 0.4 సెకన్లు అనుకోండి, 24 వస్తుంది. అది మామూలు. 25 లోపు ఉండాలి. ప్రెషర్ 80, సమయం 0.7 అయితే 56. అటాక్ వచ్చిన రోజు స్టెంటు వేశాక 40 దాటితే తర్వాత చావో, హార్ట్ ఫెయిల్యూరో వచ్చే అవకాశం ఎక్కువని 2013లో 253 మంది పేషెంట్ల మీద తేల్చారు.

మరి అందరికీ ఎందుకు చేయరంటారా? వైరు ఖరీదు. అర్ధరాత్రి బీపీ 80కి పడిపోయిన మనిషి టేబుల్ మీద ఉంటే అడెనొసిన్ ఎక్కించే ధైర్యం ఎవరికీ ఉండదు. మా దగ్గర అటాక్ కేసుల్లో ఇది చేసింది బహు తక్కువ. ఇప్పుడు వైరూ, మందూ లేకుండా యాంజియో బొమ్మల నుంచే కంప్యూటర్‌తో లెక్కగట్టే పద్ధతులు వస్తున్నాయి.

అత్తగారి_పెత్తనం
ఇందాకటి నుంచీ చదువుతుంటే నాకే ఛాతీలో ఏదో అవుతోంది.

ఒంగోలు_గిత్త
సోడా తాగకండి అత్తగారూ, 108కి కొట్టండి.

మునగాకు_పప్పు
కొంచెం పక్కదారి. మా పెద్దమ్మకి అటాక్ ఏమీ రాలేదు, నడిస్తే ఛాతీ నొప్పి. యాంజియోలో బ్లాకులు లేవన్నారు, ఇక అక్కడినుంచి అందరూ "గ్యాస్, మనసులో దిగులు" అని పంపేస్తున్నారు. అది కూడా చిన్న నాళాల జబ్బే అయ్యుండొచ్చా?

రెసిడెంట్_నిద్రలేమి
అయ్యుండొచ్చు, ఆడవాళ్లలో ఎక్కువగా చూస్తాం. కానీ అది వేరే కథ, పరీక్షల్లో కొన్ని ఒకటే అయినా వైద్యం వేరు. కొత్త చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిపితే కృష్ణాతీరం గారు గందరగోళపడతారు. దిగులు అని చెప్పి పంపేయడం మాత్రం అన్యాయం.

పల్నాటి_మిర్చి
అన్నీ బాగానే ఉన్నాయి. నా ప్రశ్నకి జవాబు రాలేదు. ఎమ్మారై కావాలా వద్దా?

గ్లాస్గో_గోంగూర
ఎమ్మారైలో ఏం కనపడుతుందో చెప్తా, అప్పుడు మీరే చెప్పండి. చేతికి గాడోలినియం అనే మందు ఎక్కిస్తారు. దెబ్బతిన్న కండరంలోకి అది చేరి పది పదిహేను నిమిషాల తర్వాత తెల్లగా మెరుస్తుంది. చిన్న నాళాలు మూసుకుపోయిన చోటికి మందే వెళ్లలేదు కాబట్టి, ఆ తెలుపు మధ్యలో నల్లటి మరక మిగిలిపోతుంది. ఆ నలుపు ఎంత పెద్దదైతే గుండె అంత బలహీనపడే అవకాశం. ఇంకో రకం బొమ్మలో లోపల రక్తస్రావం అయిందా అనేది కూడా తెలుస్తుంది.

రెసిడెంట్_నిద్రలేమి
ఇక్కడే అసలు మెలిక. ఆ నల్ల మరక కనపడేది మొదటి వారం, పది రోజుల్లోనే. వారాలు గడిచేకొద్దీ అది కరిగిపోయి మొత్తం మచ్చగా మారుతుంది. కృష్ణాతీరం గారి బావకి అటాక్ వచ్చి నెల దాటింది. ఇప్పుడు చిన్న నాళాల కోసమే ఎమ్మారై అంటే రైలు వెళ్లిపోయాక టికెట్ కొన్నట్టే. ఈ మేరకు మిర్చి గారితో నేను ఏకీభవిస్తా.

కానీ ఆ డాక్టరు వేరే ఉద్దేశంతో అడిగి ఉండొచ్చు. గోడలో మచ్చ మందం ఎంత, ఏ భాగం ఇంకా బతికి ఉంది, గుండె కొనలో రక్తపు గడ్డ కట్టిందా. ముందుగోడ అటాక్, పంపింగ్ 38 అన్నప్పుడు ఈ మూడో ప్రశ్న చాలా ముఖ్యం. ఎకోలో కొన చాలాసార్లు సరిగా కనపడదు. గడ్డ ఉంటే రక్తం పలచన చేసే మందు మారుతుంది, మార్చకపోతే పక్షవాతం భయం. కాబట్టి వెళ్లి అడగాల్సింది "ఈ స్కాన్‌లో ఏం తేలితే మందు ఏం మారుస్తారు" అని. జవాబు సూటిగా వస్తే చేయించండి. నసిగితే ఆగండి.

పల్నాటి_మిర్చి
ఈ జవాబు నాకు నచ్చింది. అయినా ముందు ఎకో ఇంకోసారి మంచిచోట తీయించమంటా. అది చవక.

రెసిడెంట్_నిద్రలేమి
తప్పులేదు. అటాక్ తర్వాత కొంత కండరం చచ్చిపోకుండా మొద్దుబారి ఉంటుంది, వారాల్లో తేరుకుంటుంది. 38 కాస్తా 45 కావచ్చు, కాకపోవచ్చు. మందులు సరిగా వాడాక, స్టెంటు పడి మూడు నెలలకి మళ్లీ ఎకో తప్పనిసరి. అప్పటికీ 35 లేదా అంతకంటే తక్కువుంటే ఐసీడీ, అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే చిన్న యంత్రం, గురించి మాట్లాడతారు.

"చేసేదేమీ లేదా" అన్నదానికి: చిన్న నాళాలు దెబ్బతిన్నాయని అనుమానం ఉన్న మనిషిని మేం వదిలేయం. బీటా బ్లాకర్, ఏసీఈ రకం మందు లేదా సాకుబిట్రిల్-వాల్సార్టన్, ఎప్లెరినోన్, షుగర్‌కీ గుండెకీ పనికొచ్చే డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి బీపీ, కిడ్నీ ఎంత ఓర్చుకుంటే అంత మోతాదుకి పెంచుతూ పోతాం. చాలామంది డిశ్చార్జ్‌లో రాసిన మోతాదు మీదే ఏడాది గడిపేస్తారు. మోతాదు పెంచడానికి రాకపోవడమే నేను చూసే పెద్ద నష్టం. ఆయాసానికి మీ బావకి ఇప్పుడు కావాల్సింది ముందు ఇది. స్టెంటులో గడ్డ కట్టకుండా ఇచ్చిన మాత్రలు రెండూ డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు.

కృష్ణాతీరం
మందుల చీటీ చూశా, డిశ్చార్జ్ నాటి మోతాదులే నడుస్తున్నాయి. ఎవరూ పెంచలేదు. ఇంత తెలిశాక టెన్షన్ కొంచెం తగ్గింది. రేపటి అపాయింట్‌మెంట్‌కి ఈసీజీలు, డిశ్చార్జ్ కాగితం, ఇక్కడి ప్రశ్నలు రాసుకుని వెళ్తున్నా. ఒక సందేహం, నెల కిందటి స్టెంటుతో ఎమ్మారై యంత్రంలోకి వెళ్లొచ్చా? అయస్కాంతం లాగేయదా?

కాథ్‌ల్యాబ్_నైట్‌డ్యూటీ
ఇప్పటి స్టెంట్లకి భయం లేదు, వేసిన వారంలోనే ఎమ్మారై తీస్తున్నారు కదా. స్టెంటు కార్డు మాత్రం వెంట తీసుకెళ్లండి. క్రియాటినిన్ రిపోర్ట్ కూడా, షుగర్ మనిషి కాబట్టి. కిడ్నీ బాగా దెబ్బతిని ఉంటే గాడోలినియం ఇచ్చే ముందు ఆలోచిస్తారు. ముప్పావు గంట దాకా పడుకోవాలి, మధ్యమధ్యలో ఊపిరి బిగబట్టమంటారు. ఆయాసం ఉన్నవాళ్లకి అదే కష్టం, ఇంట్లో రెండు రోజులు సాధన చేయించండి.

గ్లాస్గో_గోంగూర
స్ట్రెస్ పెర్ఫ్యూజన్ (అడెనొసిన్ ఎక్కించి కండరానికి రక్తం ఎలా అందుతోందో చూసే స్కాన్) అని రాస్తే ముందురోజు నుంచే కాఫీ, టీ, కోలా, చాక్లెట్ బంద్. కెఫీన్ ఉంటే అడెనొసిన్ పని చేయదు. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి.

కృష్ణాతీరం
ఆస్తమా లేదు. కాఫీ మానాలంటే మాత్రం స్కానే వద్దంటాడు.

రెసిడెంట్_నిద్రలేమి
మచ్చా, గడ్డా చూసే మామూలు కార్డియాక్ ఎమ్మారైకి అడెనొసిన్ ఉండదు. చీటీలో "స్ట్రెస్" అనే మాట ఉందో లేదో చూడండి. లేకపోతే కాఫీ తాగే రమ్మనండి, చక్కెర లేకుండా.